మట్టి ఒకరిది, ఎరువు ఒకరిది

కుండీలో మొక్క ఎండిపోగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘నా చెయ్యి మంచిది కాదు’ అని. హస్తవాసి అన్న నమ్మకం మనకు వైద్యుడి విషయంలో ఎంత ఉందో, మొక్క నాటే మనిషి విషయంలోనూ అంతే ఉంది. ఫలానా ఆవిడ చేత్తో పెడితేనే కరివేపాకు బతుకుతుందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇన్నేళ్లుగా డాబా మీద కుండీలు పెంచుతూ, చుట్టాల ఇళ్లలో చచ్చిన మొక్కల్ని పెకలించి వేళ్లు చూస్తూ వచ్చాక ఒక సంగతి గట్టిగా చెప్పగలను. కొత్తవాళ్ల కుండీలు చాలావరకు చెడేది చేతి వల్ల కాదు. మట్టి ఒక పద్ధతి నుంచి, ఎరువుల పట్టిక ఇంకో పద్ధతి నుంచి తెచ్చుకోవడం వల్ల.

మా అక్కయ్యది ఖమ్మంలో సొంత ఇల్లు. డాబా మీద 12 అంగుళాల గ్రో బ్యాగులు ఇరవై పెట్టి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపింది. టమాటా, వంగ, మిరప నాటింది. మూడు వారాలకు మొక్కలు ముచ్చటగా లేచాయి. ఇంకా బాగా రావాలన్న ఆశతో, ఎవరో చెబితే, వారం వారం 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండేది) నీళ్లలో కరిగించి పోయడం మొదలుపెట్టింది. రెండు నెలలు తిరిగేసరికి మొక్కలు ముదురాకుపచ్చగా, ఏపుగా ఉన్నాయి. పూత మాత్రం నిలవడం లేదు. ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మట్టి మీద, బ్యాగు అంచున ఉప్పు పూసినట్టు తెల్లటి పొర కట్టింది.

మా తమ్ముడు హైదరాబాద్‌లో అయిదో అంతస్తులో ఉంటాడు. బాల్కనీకి బరువు తగ్గించాలని కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్ ఇటుకలు నానబెట్టి, అందులో కొద్దిగా వర్మీ కంపోస్ట్ కలిపి కుండీలు నింపాడు. ఎరువు సంగతి అమ్మనడిగాడు. ‘నెలకో గుప్పెడు వెయ్యి నాన్నా, చాలు’ అంది అమ్మ. తన పెరటి నేలకు అది సరిపోయేది. తమ్ముడి మిరప మొక్కలు మాత్రం రెండు నెలలైనా అరచేతి ఎత్తు దాటలేదు. అడుగు ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కొక్కటీ రాలిపోయాయి.

ఇద్దరిలో ఎవరిదీ శ్రద్ధ లోపం కాదు. అక్కయ్య మట్టి గాదె నిండా ధాన్యమున్న ఇల్లు. ఆ ఇంటికి ఆమె వారం వారం ఇంకో బస్తా మోసింది. తమ్ముడి కోకోపీట్ ఏ రోజు బియ్యం ఆ రోజు తెచ్చుకునే ఇల్లు. దానికి వాడు నెలకోసారి దోసెడు గింజలు పెట్టాడు. ఎరువుల పట్టికలు తారుమారు చేశాక రెండు చోట్లా మొక్కలు కోలుకున్నాయి. మట్టి మిశ్రమం, ఎరువు వేసే వేళలు వేరు వేరు నిర్ణయాలు కావని నాకు నేర్పింది ఈ రెండు ఇళ్లే. అందుకే ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నాను.

రెండు వంశాలు

మొదటిది నేల పద్ధతి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి. ఊళ్లలో పెరడున్న ప్రతివాళ్లకూ ఇది ఎంతో కొంత తెలిసిందే. మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్లకు చేర్చినవారిలో ముఖ్యులైన కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ప్రచారం చేసిందీ మట్టిని, పశువుల ఎరువును నమ్ముకున్న దారినే.

రెండోది మట్టి లేని పద్ధతి. కోకోపీట్ సగం, వర్మీ కంపోస్ట్ మూడో వంతు దాకా, మిగిలిన చోట తేలికైన రాతి గుళికలైన పెర్లైట్ గానీ వరిపొట్టును కాల్చిన బొగ్గు గానీ. నగరాల్లో అపార్ట్‌మెంట్లు పెరిగిన కొద్దీ ఇది పెరిగింది. కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టే కోకోపీట్. ఒకప్పుడు పీచు తీసే చోట్ల గుట్టలుగా పడి ఉండిన పొట్టు ఇవాళ ఇటుకలై, దిమ్మలై సంచుల్లో అమ్ముడవుతోంది.

ఈ జంట మన దగ్గరే పుట్టిందనుకోనక్కర్లేదు. 1930లలో లండన్ దగ్గర మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు, నారు మొక్కలు తెగుళ్లతో కుప్పలుగా చనిపోతుంటే విసిగి, ఒకే కొలతకు నిలిచే కుండీ మట్టి కోసం వరుసగా ప్రయోగాలు చేశారు. చివరికి తేలిన పాళ్లు ఇవి: వేడితో శుద్ధి చేసిన తోటమట్టి 7, చిత్తడి నేలల నాచు నుంచి వచ్చే పీట్ 3, ముతక ఇసుక 2. ఎంత ఎరువు కలపాలో కూడా అందులోనే రాశారు. మొక్క పెద్దదయ్యే కొద్దీ ఆ ఎరువు రెండింతలు, మూడింతలు. 1939లో పుస్తకంగా తెచ్చారు. ఇది నేల వంశం: తిండి మట్టిలోనే ముందుగా కలిపి ఉంటుంది.

1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బూడ్లీ, రేమండ్ షెల్‌డ్రేక్ మట్టిని పూర్తిగా పక్కన పెట్టేశారు. పీట్‌తో పెర్లైట్‌ను గానీ, అలాంటిదే మరో తేలికైన ఖనిజం వర్మిక్యులైట్‌ను గానీ కలిపి తేలికైన మిశ్రమాలు తయారుచేశారు. తెగుళ్లు మోసుకొచ్చే మట్టి లేదు, బరువు లేదు, ఏ సంచి విప్పినా ఒకేలా ఉంటుంది. దాంట్లో కలిపిన ఎరువు మొదటి కొన్ని వారాలకే. ఆ పైన పోసే నీళ్లలోనే తిండి కలపాలి. పీట్ మనకు సులువుగా దొరికే సరుకు కాదు కనుక, దాని చోట కొబ్బరి పొట్టు వచ్చి కూర్చుంది.

ఈ చరిత్రలో కొత్తవాళ్లు పట్టుకోవలసింది ఒక్కటే. ఆ రెండు చోట్లా మిశ్రమాన్నీ, దానికి వేసే ఎరువునూ కలిపే ఆలోచించారు. మన దగ్గరికి వచ్చేసరికి మిశ్రమం ఒక దుకాణంలో, ఎరువు ఇంకో దుకాణంలో, సలహా మూడో మనిషి దగ్గర దొరుకుతున్నాయి. చిక్కంతా అక్కడ మొదలైంది.

నీళ్లు, గాలి

గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, బల్లపరుపుగా అరచేతిలో పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఆగాక దాన్ని నిలువుగా పట్టుకోండి. మళ్లీ ధారగా కారుతుంది. స్పాంజి అదే, మారింది ఎత్తు మాత్రమే. కుండీలోనూ ఇదే జరుగుతుంది. నీళ్లు పోసి అడుగు రంధ్రం నుంచి కారడం ఆగాక కూడా, అడుగున కొన్ని అంగుళాల పొర పూర్తిగా నీళ్లతో నిండి ఉంటుంది. అక్కడ వేరుకు గాలి ఆడదు. కుండీ లోతు తక్కువైతే అందులో ఎక్కువ భాగం ఈ ముంపు పొరే అవుతుంది. మట్టి ఎంత మెత్తటిదైతే పొర అంత మందం.

కుండీ అడుగున కంకర, పెంకులు పరిస్తే నీళ్లు బాగా పోతాయన్న మాట మన ఇళ్లలో వేళ్లూనుకుంది. అది నిజం కాదు. మెత్తటి మట్టిలోని నీరు, మట్టి పూర్తిగా నానేదాకా కింది కంకరలోకి దిగదు. అంటే ముంపు పొర కంకర మీదికి జరుగుతుంది. వేళ్లకు మిగిలే చోటు తగ్గుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక్క పెంకు ముక్క వేస్తే చాలు.

ఈ లెక్కన చూస్తే నేల పద్ధతికి పెద్ద గండం గాలి ఆడకపోవడం. నల్లరేగడి అయితే చెప్పనే అక్కర్లేదు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది. ఆ సందులోంచి నీళ్లు జారి అడుగున కారిపోతాయి, మధ్య ఉండ పొడిగానే ఉంటుంది. పొలంలో పత్తిని మోసే ఆ నేల కుండీకి పనికిరాదు. ఎర్రమట్టి నయం. కానీ ఎర్రగా ఉన్నదంతా ఎర్రమట్టి కాదు. పునాదులు తవ్విన మొరాన్ని కూడా ఆ పేరుతోనే ట్రాక్టర్‌లో దించుతారు. ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నిండా నీళ్లు పట్టి, గట్టిగా ఊపి పక్కన పెట్టండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటలకు దాని మీద పరుచుకుంటుంది. మర్నాటికీ నీళ్లను మురికిగా ఉంచేది బంక. అడుగున సగానికి పైగా ఇసుక ఉండి, పైన బంక పొర పలచగా ఉంటే ఆ మట్టి కుండీకి తగినది. ముట్టుకుంటే గరుకు రాళ్లే తగిలితే అది మొరం, తిప్పి పంపండి.

కోకోపీట్‌కు ఈ బాధ తక్కువ. నీళ్లు పట్టుకుంటూనే గాలికీ చోటిస్తుంది. దాని చిక్కు వేరు: పైన పొడిగా కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది. కొత్తవాళ్లు పైపొర చూసి రోజూ పోస్తారు. వేళ్లు కుళ్లి మొక్క వాడిపోతుంది. వాడిందని ఇంకా పోస్తారు. ఇక్కడ కంటిని నమ్మకూడదు, వేలిని నమ్మాలి. రెండు కణుపుల లోతున గుచ్చి చూసి, తడి తగలకపోతేనే పోయాలి.

రైతుకు ‘పదును’ అని ఒక మాట ఉంది. దున్నడానికి సరిపోయే తడి అది. రెండు పద్ధతులకూ అదే కొలబద్ద. కలిపిన మిశ్రమాన్ని తడిపి గుప్పిట్లో గట్టిగా పిసకండి. నీళ్లు కారకూడదు, ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే ముద్ద విడిపోవాలి. విడిపోకపోతే బంక ఎక్కువైంది. ముద్దే కట్టకపోతే ఇసుక ఎక్కువైంది. ఎంత ఖరీదైన సంచి తెచ్చినా ఈ పరీక్ష పెట్టకుండా కుండీ నింపవద్దు.

బరువు

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న బ్యాగులో పైన రెండు అంగుళాలు వదిలి నింపితే సుమారు 18 లీటర్ల మిశ్రమం పడుతుంది. తడిసిన ఎర్రమట్టి మిశ్రమమైతే అది 30 కిలోల దరిదాపు. కోకోపీట్ మిశ్రమమైతే దాదాపు అందులో సగం. ముప్పై బ్యాగులు ఒకచోట చేరిస్తే మొదటిది టన్నుకు దగ్గరవుతుంది. దూలాల మీదుగా పరిచిన డాబాకు అది భారం కాకపోవచ్చు. ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ అంచుకు మాత్రం భారమే. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లకు కూడా ఇది చిన్న సంగతి కాదు. ఈ ఒక్క విషయంలో తర్కం అక్కర్లేదు, గెలుపు కోకోపీట్‌దే.

తిండి

పోలిక అసలు బరువెక్కేది ఇక్కడే. ఎర్రమట్టిలోని బంక, మాగిన ఎరువులోని హ్యూమస్ పోషకాలను పట్టి ఉంచుకుని వేరు అడిగినప్పుడు వదులుతాయి. అందులోని సూక్ష్మజీవులు, నూనె తీశాక మిగిలే గింజల చెక్కపిండిని, ఎరువును కొద్దికొద్దిగా విడగొట్టి వేరుకు అందే రూపానికి తెస్తాయి. ఇది నెమ్మదైన వంట, కానీ పొయ్యి ఆరదు. అందుకే నేల పద్ధతిలో రైతు మాటల్లో చెప్పాలంటే దుక్కి ఎరువుదే, అంటే ముందే మట్టిలో కలిపినదానిదే, పెద్ద పాత్ర. తర్వాత పైన వేసే పైపాటు ఎరువు చేయూత.

కోకోపీట్‌లో మొక్కకు తినడానికి ఉన్నది తక్కువ. పొటాష్ కొంత ఉంటుంది, నత్రజని లేనట్టే. పైగా అది కాల్షియంను, మెగ్నీషియంను తనవైపు లాక్కుని పొటాషియంను, సోడియంను వదిలే గుణం గలది. సరిగా కడగని దిమ్మలో ఉప్పు కూడా ఉంటుంది. మూడుసార్లు నానబెట్టి, వడకట్టి, పిండాలి. నీళ్ల టీ రంగు పోయినంత మాత్రాన ఉప్పు పోయినట్టు కాదు. ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ మీటర్ ఇంట్లో ఉంటే చివరిసారి పిండిన నీళ్లలో ముంచి చూడండి. కుళాయి నీటి అంకెకు దగ్గరగా వస్తే దిమ్మ సిద్ధమైనట్టు.

ఇక లెక్క చూద్దాం. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం. 30 గ్రాముల చెక్కపిండి వేస్తే కుండీకి దాదాపు 2 గ్రాముల నత్రజని ఇచ్చినట్టు. 19:19:19ను లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపి వారానికి ఒక లీటరు పోస్తే, వారానికి అందేది 0.19 గ్రాములు. అంటే ఒక్క గుప్పెడు చెక్కపిండిలోని నత్రజని, పదకొండు వారాల నీటి ఎరువుతో సమానం. చెక్కపిండిని మట్టి కొన్ని వారాల మీద విప్పుతుంది. నీటి ఎరువు ఆ రోజే వేరుకు అందుతుంది, మిగిలింది తర్వాతి నీళ్లతో కారిపోతుంది. ఒకటి నెమ్మదిగా పెద్ద మొత్తం, ఇంకొకటి వెంటవెంటనే చిన్న మొత్తం. ఈ ఒక్క లెక్క తెలిసి ఉంటే అక్కయ్య గాదె మీద బస్తాలు మోసేది కాదు, తమ్ముడు పూట గడవని మొక్కకు నెలకోసారి పెట్టేవాడు కాదు.

నేల పద్ధతికి నేను చెప్పే పట్టిక ఇది. నింపేటప్పుడు మూడో వంతు మాగిన ఎరువు, కుండీకి 50 గ్రాముల వేపపిండి. మొదటి నెల ఏమీ వేయవద్దు. ఆ తర్వాత మూడు వారాలకోసారి, పైమట్టిని అంగుళం లోతు గుల్ల చేసి, రెండు గుప్పిళ్ల వర్మీ కంపోస్ట్ వేసి కప్పాలి. కాయ మొక్కలకు పూత మొదలయ్యాక, ఒక లీటరు నీళ్లలో 100 గ్రాముల వేరుశనగ చెక్క మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్లతో పలుచన చేసి, పదిహేను రోజులకోసారి అర లీటరు పోయాలి. పొడిగా పైన చల్లితే చీమలు, ఎలుకలు చేరతాయి. ఆకుకూరలకు ఈ చెక్కనీళ్లు అక్కర్లేదు.

మట్టి లేని పద్ధతికి పట్టిక వేరు. నాటిన పది రోజుల నుంచి వారానికోసారి 19:19:19 లీటరుకు అర గ్రాము. మొక్క నిలదొక్కుకున్నాక ఒక గ్రాము. ఈ ఎరువులో కాల్షియం ఉండదు కనుక ప్రతి మూడో వారం దాని బదులు కాల్షియం నైట్రేట్ లీటరుకు ఒక గ్రాము. రెండింటినీ ఒకే నీళ్లలో కలపకూడదు. కాల్షియం, భాస్వరం కలిస్తే తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటుంది, వేరుకు అందదు. నెలకోసారి అడుగు నుంచి ధారగా పోయేదాకా మామూలు నీళ్లు పోసి ఉప్పు కడగాలి. ఎండిన మిశ్రమానికి ఎరువు నీళ్లు పోయకూడదు. ముందు మంచినీళ్లు, తర్వాతే ఎరువు.

ఇద్దరి తప్పులూ

నేల పద్ధతిని ఇష్టపడేవాళ్లలో ఒక అతి ఉంది: ప్రకృతి నుంచి వచ్చిందంతా మంచిదే అన్న నమ్మకం. పచ్చి పేడ వేస్తే కుండీ వేడెక్కుతుంది, వేళ్లు మాడతాయి, వేరుపురుగు చేరుతుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. గడ్డిపోచ గుర్తుపట్టగలిగితే అది ఇంకా మాగలేదని. పచ్చి రంపపు పొట్టు, ఎండుటాకులు మట్టిలో కలిపితే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని కూడా తామే తినేస్తాయి. వాటిని పైన పరచండి, లోపల కలపవద్దు. జీవామృతం 200 లీటర్లు ఎకరం నేలకని చెప్పిన ద్రావణం. అందులో ప్రధానమైనది సూక్ష్మజీవుల సంపద. వాటికి పని చేయడానికి సేంద్రియ పదార్థం ఉన్న మట్టి కావాలి. ఒట్టి కోకోపీట్‌లో జీవామృతం పోసి మొక్క పెరగలేదని నిందించడం ఆ పద్ధతికీ న్యాయం కాదు.

మట్టి లేని పద్ధతివాళ్ల అతి ఇంకోటి. అంకె కనబడితే చాలు, అదే శాస్త్రమనుకోవడం. లీటరుకు గ్రాము మంచిదైతే రెండు గ్రాములు ఇంకా మంచిదని పోసేవాళ్లను చూశాను. సంచి మీద ‘పోషకాలు నిండిన మిశ్రమం’ అని ఉంటుంది, ఏది ఎన్ని పాళ్లో ఉండదు. పాళ్లు రాయని మిశ్రమానికి పట్టిక వేయడం ఎలా? ముందు ఆ ప్రశ్న అడగండి. సమాధానం రాకపోతే విడి సరుకులు కొని ఇంట్లోనే కలుపుకోండి.

వంటింటి నుంచి వచ్చే తిండి గురించీ ఒక మాట. కరివేపాకుకు పుల్లమజ్జిగ, గులాబీకి గుడ్డు పెంకులు, బియ్యం కడిగిన నీళ్లు ఎప్పటి నుంచో ఉన్న అలవాట్లు. మట్టి ఉన్న కుండీలో వీటికి కొంత విలువుంది, భోజనంలో పచ్చడికి ఉన్నంత. పచ్చడితో కడుపు నిండదు. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది. బోరు నీళ్ల సున్నంతో కరివేపాకు లేత చిగుళ్లు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందక. మజ్జిగ పులుపు కొద్ది రోజుల ఉపశమనం. వాననీళ్లు పట్టి పోస్తే ఎక్కువ మేలు. అడుగున ఉన్న ముదురాకులు సమంగా పసుపెక్కితే నత్రజని కొరత. రెండు పసుపుల్లో ఏది లేతాకుల్లో, ఏది ముదురాకుల్లో అని చూడ్డం నేర్చుకుంటే సగం వైద్యం వచ్చేసినట్టే.

కార్తెలు, నర్సరీ ఉండలు

పట్టిక ఏదైనా మన ఎండకు, వానకు లొంగాలి. రోహిణి కార్తెలో డాబా మీది నల్ల బ్యాగు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడిలో వేరు తిండి తీసుకోదు. అప్పుడు ఎరువు సగానికి తగ్గించి, నీడ వల కట్టి, బ్యాగులను ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. మృగశిర దాటి వానలు పట్టాక నేల పద్ధతి కుండీ ఓర్చుకుంటుంది. కోకోపీట్ కుండీలో మాత్రం రెండు రోజుల ముసురుకే కరిగే ఎరువంతా కారిపోతుంది. వాన వెలిశాక వారం ఆగకుండా తిండి పెట్టాలి. శీతకాలం ఆకుకూరలకు రెండు పద్ధతులూ ఒకటే.

ఇంకో చిన్న సంగతి. కడియం నర్సరీల నుంచి గానీ, ఊరి నర్సరీ నుంచి గానీ తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ తరచు బంకమట్టి ఉండ బిగిసి ఉంటుంది. దాన్ని అలాగే కోకోపీట్‌లో దింపితే నీళ్లు చుట్టూ ఉన్న వదులు మిశ్రమంలోంచి జారిపోతాయి, ఉండ లోపల పొడిగా ఉండిపోతుంది. మొక్క తడి మధ్య దాహంతో చస్తుంది. నాటే ముందు ఆ ఉండను బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదిలించండి. కొత్తవాళ్ల గులాబీలు ఎన్నో దీనివల్లే పోయాయి. ఎర్రమట్టి కుండీలో ఈ తేడా ఇంత తీవ్రంగా ఉండదు.

తీర్పు

రెండు పద్ధతులూ సమానమేనని చెప్పి తప్పించుకోవడం నాకిష్టం లేదు. బరువు, శుభ్రత, నారు పెంచడం, గాలి ఆడటం కోకోపీట్ బలాలు. ఓర్పు, నిల్వ, ఒకసారి కొన్నది ఏళ్ల తరబడి నిలవడం ఎర్రమట్టి బలాలు. కోకోపీట్ రెండేళ్లకు కుంగి, పొడిపొడిగా నలిగిపోతుంది. ఎర్రమట్టికి ఏటా నాలుగో వంతు ఎరువు కలుపుకుంటూ పోతే మొదటి ఏడాది కన్నా మూడో ఏడాది బాగుంటుంది. కొత్తవాళ్లు ఊరెళ్తారు, మరిచిపోతారు, ఒకరోజు ఎక్కువ పోస్తారు. ఆ తప్పుల్ని మట్టి కొంతవరకు సర్దుకుంటుంది. కోకోపీట్ సర్దుకోదు, అది క్రమశిక్షణ గల చేతికి మంచి పనిముట్టు.

కాబట్టి సొంత డాబా, కింది అంతస్తు ఉన్నవాళ్లు నేల పద్ధతితోనే మొదలుపెట్టండి. ఎత్తైన బాల్కనీ వాళ్లు, వారం తప్పకుండా ఎరువు పోయగలమన్న నమ్మకం ఉంటే కోకోపీట్ తీసుకోండి. ఎటూ తేల్చుకోలేనివాళ్లకు మధ్యేమార్గం ఉంది: నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు కడిగిన కోకోపీట్, మూడు పాళ్లు వర్మీ కంపోస్ట్ లేదా మాగిన ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి. దీనికి మొదటి మూడు వారాలు ఏమీ వద్దు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి చెక్కనీళ్లు గానీ, లీటరుకు అర గ్రాము 19:19:19 గానీ, రెండింటిలో ఒక్కటే.

ఇరవై కుండీలతో మొదలుపెట్టకండి. రెండు చాలు. ఒకటి ఎర్రమట్టితో, ఒకటి కోకోపీట్‌తో నింపి, ఒకే రకం మిరప నారు రెండింట్లోనూ పెట్టండి. దేని పట్టిక దానికే వేయండి. కుండీ మీద మార్కర్‌తో నింపిన తేదీ, పాళ్లు, ఎరువు వేసిన రోజులు రాయండి. మూడు నెలల తర్వాత ఆ రెండు మొక్కలు చెప్పేది నా తీర్పు కన్నా మీకు ఎక్కువ పనికొస్తుంది. అప్పటిదాకా దయచేసి మీ చేతిని మాత్రం నిందించుకోకండి.